వెన్ను మీద చెయ్యి

మా వదిన పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసేసరికి నేను ఆత్మకూరులో మనవరాలికి లెక్కలు చెప్తున్నాను. "చిన్నత్తా, అత్త ఇంక లేదు" అంది. ఉదయగిరి బస్సులో కూర్చున్నంతసేపూ నేను ఏడవలేదు. "గొంతు బాగలేనోళ్లు ఏడవకూడదమ్మే" అని వదిన ఎప్పుడో హెచ్చరించింది.

ఆమె మా అన్న భార్య. ఉదయగిరి కొండ కింద ఊళ్లో గొర్రెల మందను పెంచిన మనిషి. సంతలో గొర్రెను కొనేటప్పుడు అందరూ పళ్లు చూస్తారు, తోక ఎత్తి చూస్తారు. వదిన కళ్లు మూసుకుని దాని వెన్ను మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేది. తర్వాత "తోలుకురా" అనేది, లేదా "చెయ్యి ఒప్పలా" అనేది. అంతే. అప్పీలు లేదు.

బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? "వదినా, నీ చేతికి డిగ్రీ ఎవరిచ్చినారు?" అన్నాను.

"దొడ్లో ఇచ్చినారు. పెంటికలతో ముద్రేసి."

ఒకసారి సంతలో నిగనిగలాడే గొర్రెలు చవగ్గా వచ్చాయి. అన్నకు తెగ నచ్చాయి. నేనూ వాటి కళ్లు చూసి బాగున్నాయని సర్టిఫికెట్ ఇచ్చేశాను. వదిన చెయ్యి ఒప్పలేదు. పక్కింటాయన కొన్నాడు. వారం తిరక్కముందే వాటి నోళ్లు పుండ్లుపడి, రోగం ఆయన పాత మందకూ పాకి, దొడ్డి సగం ఖాళీ అయింది. ఎలా తెలిసిందని అడిగితే వదిన నిజంగానే తెల్లమొహం వేసింది. "నాకేం తెలుసు? తాకినాను, వద్దనిపించినాది."

అది మహిమ కాదు. ఎన్నో ఏళ్లుగా ఎన్నో వెన్నులు తాకిన చెయ్యి, తలకాయతో చెప్పకుండా తన చదువు తాను చదువుకుంది. నేను అంతవరకే నమ్మాను. కానీ చెయ్యి ఒకచోట నిజం చెప్పిందంటే, మనిషి దాన్ని తీసుకెళ్లి అన్నిచోట్లా పెడుతుంది.

వదిన కొడుక్కి, అంటే నా మేనల్లుడికి, పిల్లను చూడటానికి అనంతసాగరం వైపు వెళ్లాం. కాళ్లకు మొక్కడానికి ఆ పిల్ల వంగితే వదిన ఆమె వీపు మీద చెయ్యి పెట్టింది. దీవిస్తోందని అందరూ మురిసిపోయారు. వదిన కళ్లు మూసుకోవడం నేనొక్కదాన్నే చూశాను. వీధిలోకి రాగానే తీర్పు వచ్చింది.

"వెన్ను వణకతా ఉండాది. ఈ పిల్ల నిలవదు."

"వదినా, అవి పెళ్లిచూపులు. వణక్కపోతే అనుమానించాల."

"నేను చేసుకునేది గొర్రెని కాదుమా" అన్నాడు మేనల్లుడు. చేసుకున్నాడు.

వదిన కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు. దొడ్లోకి మాత్రం రానివ్వలేదు. నిలవని మనిషికి మందను ఎలా అప్పజెప్పేది? ఏళ్లు గడిచాయి. "చిన్నత్తా, ఈ ఇంట్లో నేనింకా చుట్టంగానే ఉండాను" అని ఒకరోజు ఆ పిల్ల నా దగ్గర కళ్లు తుడుచుకుంది. నేను వదినను దులిపేశాను. నా నోటికి ఊరంతా భయపడుతుంది, వదిన తప్ప.

తర్వాత ఒక వానాకాలం మందకు ముక్కులు కారసాగాయి. వదిన తాకి "పడిశమే" అంది. అప్పటికే షుగరొచ్చి ఆమె అరచేతులు మొద్దుబారాయి. నమ్మకం మాత్రం మొద్దుబారలేదు. కోడలు ఎవర్నీ అడక్కుండా పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. అది పడిశం కాదు. ఇంకొక్కరోజు ఆగుంటే మంద దక్కేది కాదన్నాడాయన.

మర్నాడు వదిన దొడ్డి తడిక తీసి పట్టుకుని, "రామ్మే లోపలికి, కాలు జారేవు" అంది. ఆమె జన్మలో చెప్పిన క్షమాపణ అదొక్కటే. నాతో మాత్రం ఇంకో మాట అంది: "గొర్రెల్ని లెక్కలేనన్ని తాకినాను, అమ్మణ్ణీ. కోడల్ని ఒక్కదాన్నే తాకినాను. రెండిటికీ ఒకే చెయ్యి పెట్టినాను చూడు."

పోయిన నెల చూడటానికి వెళ్తే కోడలు ఆమెకు నీళ్లు పోసి వీపు తుడుస్తోంది.

"నా వెన్ను వణకతా ఉండాదా?" అని అడిగింది వదిన.

"వణకతా ఉండాదత్తా."

"అయితే ఈ గొర్రె నిలవదు."

"నన్ను కూడా అట్నే అంటివి కదత్తా!"

వదిన దగ్గొచ్చేదాకా నవ్వింది. "దీనికి నీ నోరే వచ్చినాది అమ్మణ్ణీ, ఇంక నాకు బెంగ లేదు" అంది.

అన్నీ అయిపోయిన సాయంత్రం మంద ఇంటికొచ్చింది. తడిక దగ్గర నిలబడి చూశాను. కోడలు ఒక ముసలి గొర్రె వెన్ను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఉంది.

"చెయ్యేం చెప్తా ఉండాదే?" అన్నాను.

"ఏమీ తెలీడం లేదు చిన్నత్తా" అంది, కళ్లు తెరవకుండానే.

చెయ్యి మాత్రం తీయలేదు. గొర్రె కూడా కదల్లేదు.