ఒక్క వాన ఆగమన్న సారు

మా సారు పోయారు. ఖానాపురం హవేలి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, “మీ సారు పొద్దుగాల పోయిండు బిడ్డా, జల్దీ రా” అన్నారు. భద్రాచలం అడవిలో బీట్ ఆఫీసరునైన నాకు పని నేర్పింది ఆ రిటైర్డ్ రేంజరే. నేర్పడమంటే తిట్టడమే. “జీపులకెళ్లి చూస్తే అడవి గాదు, గోడ కనబడ్తది. దిగు” అనేవారు. ఆయన చొక్కా ఉతకాలంటే ముందు జేబు దులపాల్సిందే, ఏవో గింజలు రాలేవి. ఆయన భార్యకు అదో తలనొప్పి.

ఆయన కొలువులో చేరిన కాలంలో అడవి అంటే కలపే. తునికి, ఇప్ప పనికిరాని చెట్లని ఆఫీసు కాగితంలో ఉంటే, దగ్గరుండి ఒక గుట్టంతా నరికించి జామాయిల్ పెట్టించారు. ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ల మీద కేసులు రాశారు. కొన్నేళ్లకు అదే ఆఫీసు అదే ఆడవాళ్లను కమిటీలో కూర్చోబెట్టి, అడవి మీదే, మీరే కాపాడండి అంది. ఆ మీటింగు పెట్టిందీ ఈయనే. “రెండు కాగితాల మీదా సంతకం నాదే. సిగ్గు గూడ నాదే” అనేవారు.

ఇప్పుడేమో పాత అడవే కావాలన్నారు. పోయినేడు ఆ గుట్ట మీది జామాయిల్‌ను మొదళ్లతో సహా తీయించాం. వెంటనే దున్నించి నర్సరీ మొక్కలు పెట్టాలని నాకు ఆర్డరు. సారుకు చెప్పాను.

“ఒక్క వాన ఆగు.”

“మెమో ఇస్తరు సార్.”

“ఇయ్యనీ. నేను అప్పుడు ఆగలే. ఏమైందో చూసినవ్ గద.”

ఆగాను. మెమో వచ్చింది. కొలువు పోతుందేమోనని వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత వాన వచ్చింది.

నాలుగు రోజులకు వెళ్లి చూస్తే గుట్టంతా ఎర్రెర్రని తునికి చిగుళ్లు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ముప్పై ఏళ్లు జామాయిల్ కింద ఆ వేర్లు చావకుండా ఉన్నాయి. పై ఆఫీసరు కూడా చూసి, దున్నడానికి తెచ్చిన ట్రాక్టరును వెనక్కి పంపేశారు.

మర్నాడే సారును కారులో తీసుకొచ్చాను. చేతికర్రతో నాలుగడుగులు ఎక్కి ఆగిపోయారు.

“ఏంది సార్, ఆయాసమా?”

తల అడ్డంగా ఊపారు. నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఒక కాలు ఎత్తి ఉంది, కళ్లు నేల మీద ఉన్నాయి.

“కాలు యాడ పెట్టాలె బిడ్డా? అంతట మొలిచింది.”

అట్లా ఒంటికాలి మీదే, నేను పట్టుకుని ఉండగా, చాలాసేపు నిలబడ్డారు.