అరచేతి చప్పుడు

దేవదానం మాస్టారు ఇక లేరు. ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య కరుణమ్మగారు ఫోన్ చేసి "విమలా, మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా" అంటే "ఎక్కడికండీ?" అని అడిగాను. అంతగా మొద్దుబారింది నా బుద్ధి. మల్కాజ్‌గిరి నుంచి సీతాఫల్‌మండికి ఆటోలో వెళుతున్నంతసేపూ, కుర్చీలోంచి "మళ్లీ ఆలస్యమా తల్లీ!" అని విసుక్కుంటారనే అనుకున్నాను. ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

ఎన్నో చిత్రాలకు సంభాషణలు రాసినా ఆయన దర్శకత్వం వహించింది ఒక్కదానికే. దానికి నేను ఎడిటర్ని. ఆ సినిమాలో, చనిపోయిన పసిపిల్ల ప్రతిరోజూ వచ్చి ఇంటి తలుపు తడుతుంది. తండ్రి వింటాడు, తీయడు. ఎందుకు తీయడన్నదే అందులోని రహస్యం. ఆ కథ ఎక్కడ పుట్టిందో మా అందరికీ తెలుసు, ఎవరమూ ఆ ఊసు ఎత్తేవాళ్లం కాదు.

మాస్టారి ఏకైక పుత్రిక గ్రేసు నాలుగేళ్ల వయసులో ఇంటి ముందు నీళ్ల సంపులో పడి చనిపోయింది. ఆ రోజు నల్లా నీళ్లు వచ్చే రోజు. సంపు మూత తెరిచి ఉంది. మాస్టారు గదిలో గడియ పెట్టుకుని రాసుకుంటున్నారు. పిల్ల తలుపు తట్టింది. "ఒక్క పేజీ, అమ్మా" అన్నారు. పేజీ అయ్యాక తలుపు తీస్తే పిల్ల లేదు. మూత తీసి మరిచిపోయింది కూడా తానేనని పోలీసులకూ, పాస్టరుగారికీ, దుమ్మెత్తిపోసిన అత్తవారికీ ఆయన ఒకే మాట చెప్పారు. తర్వాత ఇంట్లో తలుపులన్నింటికీ గడియలు స్వహస్తాలతో ఊడబీకారు. నేనూ ఒక తల్లినే. ఎంత గౌరవం ఉన్నా, ఆ మూత విషయంలో మాత్రం మనసులో ఆయన్ను క్షమించలేకపోయాను.

ఆయనది దుస్సహమైన శ్రద్ధ. నిజం చెప్పొద్దూ, ఆయనతో పని నరకం! తలుపు చప్పుడు రికార్డు చేసేటప్పుడు సౌండ్ ఇంజనీరు వేళ్ల కణుపులతో కొట్టాడు. పదిసార్లు కొట్టించి పదిసార్లూ వద్దన్నారు. "తలుపు చప్పుడే కదండీ, ఏదైతేనేం!" అని కసిరాను. మాస్టారు ఆ చెక్కతలుపు ముందు మోకరిల్లి, బాగా కిందుగా, అరచేత్తో తట్టారు. రెండుసార్లు. కాస్త ఆగి, మెల్లగా ఇంకోసారి.

"పిల్లలు వేళ్లతో కొట్టరు విమలా, అరచేత్తో తడతారు. మూడోసారికి అలిసిపోతారు" అన్నారు.

తర్వాత ఎడిటింగ్ గదిలో ఆ టేపు ఒంటరిగా వినలేకపోయేదాన్ని. విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి తలుపు వంక చూసేదాన్ని.

నిర్మాత యాదగిరిగారు సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో ఫర్నిచర్ వ్యాపారి, వెన్నలాంటి మనిషి. సినిమా చూసి లబోదిబోమన్నారు. "ఏంది సార్ గిది? ఆఖర్ల ఒక మంత్రగాణ్ణి పెట్టుండ్రి. దయ్యాన్ని ఎల్లగొట్టకుంటే సిన్మా ఎట్ల ఖతమైతది? పబ్లిక్ పరేషాన్ అయితరు."

"మీకూ పిల్లలున్నారుగా యాదగిరిగారూ. చచ్చి వచ్చినా సరే, కన్నబిడ్డను వెళ్లగొట్టమంటారా?" అన్నారు మాస్టారు.

యాదగిరిగారు తలదించుకున్నారు. "అయితే తలుపన్న తీయించుండ్రి సార్."

అదీ మాస్టారి వల్ల కాలేదు. తలుపు అవతల ఏముందో రాయడానికి ఆ మహారచయిత కలం మొరాయించింది. తండ్రి చెయ్యి గడియ మీద ఉండగానే సినిమా ముగించారు.

సికింద్రాబాద్‌లో అది ఆడింది ఒక్క వారం. ఆ వారమంతా మాస్టారు మార్నింగ్ షోకి టికెట్ కొనుక్కుని వెనక వరుసలో కూర్చున్నారు. ఒకరోజు నేనూ వెళ్లాను. చివరి దృశ్యంలో జనం అరుస్తున్నారు. "తలుపు తియ్యవయ్యా!" అని ఒకరు, "తీయ్ బై, పోరి బయట నిలవడ్డది!" అని ఇంకొకరు. మాస్టారు చేతులు కట్టుకుని వింటున్నారు. నాకు ఏడుపొచ్చింది. "పదండి మాస్టారూ, పోదాం" అన్నాను.

"ఉండమ్మా. వాళ్లు అడిగేది సబబే" అన్నారు.

ఆయన అంతిమ క్షణాలను కరుణమ్మగారే చెప్పారు. "ఆరాధన నుంచి వచ్చి అన్నం కలుపుతుంటే, 'కరుణా, తలుపు తియ్యి, పిల్ల వచ్చింది' అన్నారమ్మా. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా లేచెళ్లి మూసి, మళ్లీ తీశాను. 'రా తల్లీ' అన్నారు. అంతే."

"మీకేమైనా వినిపించిందా?" అని అడిగాను. ఆమె మంచం పట్టె మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, ఇంకోసారి తట్టారు. ఆ సినిమా ఆమె ఇంతవరకూ చూడలేదు.

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన గురించి పత్రికలో రాస్తావుగా? అయితే ఇదీ రాయి. ఆ రోజు సంపు మూత తీసింది నేను. నీళ్లు చూసి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరుగెత్తాను. ఆయన గడప కూడా దాటలేదు. మా వాళ్లు నన్ను చంపేస్తారని తన మీద వేసుకున్నారు. ఇన్నేళ్లలో కోపంలోనైనా 'నువ్వే కదే' అనలేదమ్మా!"

మాస్టారూ! అంతటి క్షమాహృదయాన్ని ఈ జన్మలో మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు. ఇన్నాళ్లూ మిమ్మల్ని మనసులో దోషిగా నిలబెట్టినందుకు మీ పాదాలకు నమస్కరించి క్షమాపణ అడుగుతున్నాను. ప్రాణప్రదంగా మీరు దాచిన మాటను అమ్మగారు రాయమంటే రాసేశాను. ఇది చదివితే నన్ను చీల్చి చెండాడేవారు. కోప్పడటానికి మీరు లేరు.