చీనా మామ చూపిన దావ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, ఒమాన్‌కు పోయిన మాకు కూరలో ఉప్పు తక్కువైనా అనుమానానికి మాత్రం ఏ పూటా కొదవ ఉండేది కాదు. మేముండే అల్ ఖువైర్ అప్పటికి సగం ఇసుక, సగం సిమెంటు. కంపెనీ రేకుల రూమ్‌లో ముగ్గురం: నేను, కడప భాయ్ అని అందరూ పిలిచే పెద్దమనిషి, మలేషియా నుంచి వచ్చిన చీనా మెకానిక్. ఈయన్ని నేను మామ అనేవాణ్ణి (పిల్లనిస్తాడన్న ఆశతో కాదు, అసలు పేరు నోరు తిరగక). రూమ్‌లో ఒకడు పారిపోతే మిగిలినవాళ్లను విమానం ఎక్కిస్తామని ఫోర్‌మన్ హెచ్చరించాడు. ఊరివాళ్లు వేసిన దండ వాడకముందే తిరిగి దిగితే ఏ ముఖం పెట్టుకోవాలన్నది నా భయం. ఉన్నది ఒక్కటే ముఖం, అదీ పాస్‌పోర్టులో అతికించి కంపెనీవాళ్ల దగ్గర ఉంది.

మామ మంచం మీద గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూట ఒకటి ఉండేది. దాని మీద కాలు వేసుకునే పడుకునేవాడు. తెల్లవారకముందే దాన్ని చంకన పెట్టుకుని మాయమయ్యేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, మా ముగ్గురికీ కలిసే వచ్చీరాని హిందీలో "ఇస్మే క్యా హై మామా?" అని, అందులో ఏముందని అడిగాను. ఆయన తలుపు వంక చూసి, నా వంక చూసి, గొంతు తగ్గించి "దావ్" అన్నాడు.

మా జగిత్యాల వైపు దావ అంటే దారి. మూటలో దారి పట్టదు, దారి చూపే పటమైతే పడుతుంది!

"భాయ్, గీ మామ దావ చూసుకుంటుండు. పారిపోతడు."

"పోయేటోడు పోతాడు, ఇమానం ఎక్కేది మనం గదరా అబ్బీ!" అంటూ భాయ్ గడ్డం గోక్కున్నాడు. (నా ఎర్ర తువ్వాలు పోయిన దగ్గర్నుంచి నాకు భాయ్ మీదా అనుమానమే, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి ఒకర్నే అనుమానించాలి కదా అని ఆయన్ని వాయిదా వేశాను.)

మర్నాడు తెల్లవారుతుండగా మామ వెనకే ఎండిపోయిన వాగులోకి నడిచి, ఇద్దరం బండచాటున నక్కాం. మామ మూట విప్పాడు. పటం కాదు, కత్తి! ఒకవైపే అంచు, రెండోవైపు మందపాటి వీపు. కొనకు పోయేకొద్దీ వెడల్పై వెనక్కి వంగింది. పిడి మాత్రం దానితో గొడవపడినట్టు ఇంకోవైపుకు వంగింది. రెండింటికీ మధ్య గుండ్రటి చిప్ప. పిడి చివర వేలాడుతున్నది నా ఎర్ర తువ్వాలు! భాయ్ నన్ను చూసిన చూపుకు నేను ఇసుకను చూశాను. అంతలో మామ కత్తిని ఎత్తి, మెడ వెనక్కి తెచ్చాడు. ప్రాణం తీసుకుంటున్నాడు!

"వద్దు మామా! ఇటు దా! దా!" అని అరుస్తూ పరుగెత్తాను.

మామ ఆగాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, నిట్టూర్చి, పిడిని నా చేతికందించాడు. నేను "దా" అంటే, కత్తి ఇమ్మంటున్నానని అర్థం చేసుకున్నాడు.

ఆయన భాషలో ఒకవైపు అంచున్న కత్తి ఏదైనా దావేనట, వంటింటిదైనా యుద్ధానిదైనా. తుక్కులో పారేసిన లారీ కమాను పట్టీని దొంగతనంగా అరగదీసి చేసుకున్నాడు. రోజూ తెల్లవారుజామున కత్తిసాము చేసేది దానితోనేనట, పిడికి ఎర్రగుడ్డ కావాలని నా తువ్వాలు తీసుకున్నాడట. "తుమ్ దోనో రోజ్ దేఖ్తా. హమ్ సోచా, చోర్!" అన్నాడు. మేమిద్దరం రోజూ మూటనే చూస్తుంటే మేమే దొంగలమనుకున్నాడట. అంటే మా రూమ్‌లో అనుమానం లేకుండా నిద్రపోయింది ఆ కత్తి ఒక్కటే.

"భాగేగా తో నహీ?" అని, పారిపోవు కదా అని గట్టిగా అడిగి, మా ఊరి దావకు అర్థం చెప్పాను. మామ పడీపడీ నవ్వాడు. "యే దావ్ హై, దావ నహీ!"

ఆ ఉదయమే నాకు పాఠం మొదలైంది. కత్తి తల చుట్టూ తిరిగేటప్పుడు వీపు మన ఒంటికి ఆనుకుని జారాలి, అంచు లోకం వైపు ఉండాలి. ఖాళీ ఎడమచెయ్యి ఎదురువైపుకు చాపి బరువు సరిచూసుకోవాలి. "పీఠ్ ఇధర్! పీఠ్!" అని మామ మొత్తుకుంటుండగా నేను అంచే ఇటు తిప్పాను. పదును పెట్టలేదు కాబట్టి చెవి దక్కింది. తువ్వాలు మాత్రం ముఖానికి చుట్టుకుని కూలబడ్డాను.

"తువ్వాలు దొంగ దొరికినాడు!" అని భాయ్ చప్పట్లు కొట్టాడు.

ఫోర్‌మన్‌కు ముగ్గురం ఏమీ చెప్పలేదు. గడువు తీరి వెళ్లిపోతూ మామ కత్తిని మళ్లీ తుక్కులో కలిపేశాడు. తువ్వాలు ఉతికి, మడతపెట్టి, నా మంచం మీద ఉంచాడు.

ఇప్పుడు ఊళ్లో రోడ్డు పక్కన చేతికర్రతో నిలబడితే, బండ్ల మీద పిలగాళ్లు ఆగి "తాతా, ధర్మపురి దావ ఎటు?" అంటారు. నా చెయ్యి ముందు కర్రను తల చుట్టూ తిప్పి, వీపు ఒంటివైపే ఉందని చూసుకుని (కర్రకు వీపెక్కడిదని నాకూ తెలుసు), ఆ తర్వాతే దావ చూపిస్తుంది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇంకెవరినైనా అడగడానికి ముందుకు పోతారు.