పొద్దూకి అన్న మాట

ఒక మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మూడక్షరాల మాట. మూడక్షరాలకు ఇంత బరువుంటుందని ముందు తెలియలేదు. మాది మట్టెవాడలో బట్టల దుకాణం, ఇంట్లో గజంబద్దే తప్ప తక్కెడ లేదు. కొలవడం నేర్చుకున్నాను గాని తూయడం నేర్చుకోలేదు. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను వరంగల్ కోర్టుల్లో వకీలుగా బతికినవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు, ఒకసారైతే ఒక వకీలే. పనిలో పొరపాటు చేశారని ఎవరైనా నష్టపరిహారం దావా వేస్తే వాళ్ళ తరఫున నిలబడేవాణ్ణి. బార్‌లో నన్ను 'తప్పుల తడక' అనేవాళ్ళు. నా ఇంగ్లీషు చూసి కాదు, ఊళ్ళో పెద్దవాళ్ళ తప్పులకు తడకలా అడ్డం నిలబడతానని. తప్పును ఒప్పు చేయడం నా వృత్తి. తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు. చెయ్యి తిరగలేదు, ఓర్చుకోండి.

డెబ్బైల చివరి సంగతి. నెక్కొండ దగ్గర పల్లె నుంచి కొమురయ్య అనే రైతు, భార్య రాజవ్వకు కడుపునొప్పి లేస్తే తెల్లవారి రైలుకు తీసుకొచ్చి వరంగల్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాడు. డాక్టరు లేడు. చుట్టాల ఇంట్లో ఏదో శుభకార్యానికి పోయాడు. కబురు పంపినా సాయంత్రానికి గాని రాలేదు. ఆ మర్నాడు రాజవ్వ చనిపోయింది. కొమురయ్య దావా వేశాడు. డాక్టరు నా దగ్గరికి వచ్చాడు. పొద్దున్నే చూశానని కోర్టులో చెప్తానన్నాడు. నిజమేనా అని నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఫీజులో భాగమే అనుకునే రోజులవి.

కొమురయ్యను బోనెక్కించిన రోజు వాళ్ళ వకీలుకు పక్క కోర్టులో ఇంకో కేసు. అటూ ఇటూ ఉరుకుతున్నాడు. క్రాస్ పరీక్షకు నేను లేచిన వేళకు మనిషి లేడు. డాక్టరు ఎన్నింటికి వచ్చి చూసిండయ్యా అని అడిగాను. తడబడతాడనుకున్నాను. తడబడలేదు.

"పొద్దూకి వచ్చిండు సారూ" అన్నాడు.

మా దిక్కు పొద్దూకి అంటే సాయంత్రం, పొద్దు కుంకే వేళ. పొద్దున్నను మేం పొద్దుగాల అంటాం. జడ్జిగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి నెలన్నా కాలేదు. మంచివాడు. సాక్షి తెలుగులో చెప్పింది ఆయన ఇంగ్లీషులోకి మార్చి పలుకుతుంటే టైపిస్టు కొట్టేవాడు. 'డాక్టరు ఉదయం వచ్చాడు' అని పలికి, అనుమానం వచ్చిందేమో, అద్దాల మీది నుంచి నా వైపు చూశాడు. పొద్దున్నేగా అన్నట్టు.

నేను కాగితాల్లోకి తల దించాను. దించిన తలను ఆయన ఊపిన తల అనుకున్నాడు. మిషను టకటకా కొట్టుకుంది. చివర వాంగ్మూలం సాక్షికి ఇంగ్లీషులో చదివి వినిపించారు. కొమురయ్య శ్రద్ధగా విని వేలిముద్ర వేశాడు.

ఇంతవరకే అయితే నేను ఈ కాగితం రాసేవాణ్ణి కాను. క్లయింటుకు మేలు జరుగుతుంటే వకీలు నోరు మెదపకపోవడం ధర్మమే అని నాతో నేను ఎన్నోసార్లు వాదించాను. వాదీ నేనే, ప్రతివాదీ నేనే, జడ్జినీ నేనే. గెలవక ఏం చేస్తాను? కాని వరండాలో జరిగినదానికి ఏ వాదమూ నిలబడదు.

బయటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే కొమురయ్య వచ్చాడు. ఆర్పిన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు.

"సారూ, కోపం చెయ్యకుండ్రి. మీరు అవతలి వకీలే గని మనోళ్ళ లెక్క మాట్లాడిండ్రు, గందుకే అడుగుతాన. మా వకీలు సాబు జాడనే లేకపాయె. నేను చెప్పింది రాసిండ్రా?"

"రాసిండ్రు. ఫికర్ చెయ్యకు."

"పొద్దూకి వచ్చిండని?"

"నువ్వేం చెప్పినవో గదే రాసిండ్రు."

"గది చాలు. పైసలు వస్తే రాని, పోతే పోని. నేనే ఆలిశం జేసి పెండ్లాన్ని సంపుకున్ననని మా అత్తగారోళ్ళు అంటాండ్రు సారూ. నా బిడ్డను నా దగ్గరికి తోలుతలేరు. కోర్టు కాయితం జూపిస్తే నమ్మరా మరి?" అని, జర నవ్వి, "వకీళ్ళు నోరు తెరిస్తే అబద్ధమే అంటరు గని, మీరు మంచోళ్ళే" అన్నాడు.

కోర్టులో ఊరుకోవడం క్లయింటు కోసం. మరి ఈ 'రాసిండ్రు' ఎవరి కోసం? ఆ మాటకు నాకు ఎవరూ ఫీజు ఇవ్వలేదు. అది నా సొంతం. అప్పటికి అవకాశం ఉంది. లోపలికి పోయి, ఆ మాటకు అర్థం అది కాదండీ అంటే జడ్జిగారు దిద్దేవాడు. పది అడుగులు. ఆ పది అడుగులూ వెయ్యలేదు.

దావా కొట్టేశారు. డాక్టరు పొద్దున్నే వచ్చినట్టు వాదే ఒప్పుకున్నాడు గనక, రోగిని ఇంటి దగ్గర ఆలస్యం చేసి తేవడం వల్లనే చావు జరిగిందని తీర్పు. వాది ఒప్పుకోలు! ఆయన చెయ్యని ఒప్పుకోలు అది. ఆ రోజు బార్‌లో అందరికీ నేనే చాయ్ తాగించాను. ఆ తర్వాత డాక్టర్లు వరుస కట్టారు. నా పేరు పెరిగింది. నలుగురిలో కూర్చుని జోకులు వేసేవాణ్ణి, అందరూ నవ్వేవాళ్ళు, ఇంటికొచ్చి మాట్లాడకుండా అన్నం తినేవాణ్ణి. మా ఆవిడ అడిగేది, ఇంటికాడ మాటలకు కూడా ఫీజా అని.

రెండేళ్ళకు, మా దుకాణానికి బట్టలకొచ్చిన నెక్కొండ మనిషి ఒకాయన మాటల్లో చెప్పాడు. తీర్పు నకలు కొమురయ్యే తీసుకుపోయి, పెద్దమనుషుల ముందర పంతులుతో చదివించాడట. కాగితం మీద ఏముందో అప్పుడే ఆయనకు తెలిసింది. నీ నోటితోనే ఒప్పుకుంటివి గదా అన్నారట అత్తగారివాళ్ళు. బిడ్డను పంపలేదు.

మర్నాడే నెక్కొండ పోయాను. స్టేషన్‌లోనే కనబడ్డాడు, మిరపకాయ బస్తాలు ఎత్తుతున్నాడు. నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నాడు. కోర్టులో భయానికి నోరు తిరగలేదని, పొద్దూకి అనబోయి పొద్దుగాల అన్నట్టున్నానని, తన నాలుకే తనను ముంచిందని. అబద్ధం ఆడినవాడు నిలబడి వింటున్నాడు. నిజం చెప్పినవాడు తన నిజాన్నే అనుమానిస్తున్నాడు.

నేనేమన్నాను? ఏదో పని మీద వచ్చానన్నాను. తిరుగు బండి ఎక్కేశాను. ఆ రోజు ఎందుకు చెప్పలేదు? పరువా, భయమా? తిడతాడనా? తిట్టడేమోననే ఎక్కువ భయపడ్డాను.

మళ్ళీ పోయేసరికి మూడేళ్ళయింది. కొమురయ్య చనిపోయి అప్పటికి రెండు నెలలట. బిడ్డను ఎటో దూరం ఇచ్చారన్నారు, ఊరు పేరు ఎవరికీ సరిగా తెలియదు. ఆమె ఎక్కడో తన తండ్రే తన తల్లిని చంపాడనుకుంటూ ఉండి ఉంటుంది. ఈ కాగితం ఆమెకు చేరదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. కొమురయ్య నోరు తిరిగింది. సరిగ్గానే తిరిగింది. ఆయన చెప్పింది నాకు స్పష్టంగా వినబడింది. ఈ సంగతి ఇన్నేళ్ళు నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.