కండెలు చుట్టిన చెయ్యి

వేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ నా భార్యను అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పాను. అదీ తప్పు జవాబు.

"ఏం పని చేస్తావమ్మా?"

"పనేం లేదు మేడం, ఇంట్లోనే ఉంటాది," అన్నాను.

నా భార్య నావైపు ఒకసారి చూసింది. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ, నిద్రలో లేచి చెయ్యి విదిలించుకుంటోందనీ, గ్లాసులు జారిపోతున్నాయనీ కూడా నేనే చెప్పాను. డాక్టరమ్మ షుగరుకూ థైరాయిడుకూ రక్తపరీక్షలు రాసింది. తర్వాత నా భార్య మణికట్టును వంచి పట్టుకుని, "ఏ వేళ్లు?" అంది. నేను నోరు తెరిచాను.

"అయ్యా, వేళ్లు మీవి కావు గదా."

నా భార్య బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చూపింది. చిటికెనవేలికి ఏమీ లేదు. మణికట్టులో ఇరుకు సందు గుండా పోయే నరం నలుగుతోందంది డాక్టరమ్మ. చెయ్యి ఒకే తీరున తిప్పే పని నిజంగా ఏదీ లేదా అని మళ్లీ అడిగింది.

"ఈయన లుంగీలు నేస్తాడు మేడం. కండెలు వాటికవే చుట్టుకుంటాయి," అంది నా భార్య.

అప్పుడు చెప్పాను. గుడియాత్తంలో మా మగ్గం ఆడాలంటే, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి నూలు చుట్టిన కండెలు కావాలి. పెళ్లయిన నాటినుంచి రాట్నం తిప్పి వాటిని చుట్టేది ఆమే. నేత నాదనుకున్నాను. ఆమె చేసేది పనిగా నాకెన్నడూ తోచలేదు.

నరం ఇంకా నలిగితే బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుందనీ, పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చనీ డాక్టరమ్మ హెచ్చరించింది. మణికట్టు వంగకుండా పట్టీ ఇచ్చింది. నిద్రపోయేటప్పుడు తప్పకుండా కట్టుకోవాలి. ఆరు వారాలు రాట్నం ముట్టకూడదు. తగ్గకపోతే ఇంజెక్షను, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషను.

బస్సులో ఆమె అడిగింది. "కండెలెవరు చుడతారు?"

"నేనే."

"వస్తాదా?"

"ఇన్నేండ్లు చూస్తా ఉండాను గదా."

"చూసింటే డాక్టరమ్మకు చెప్పింటావు."

మరునాడు పొద్దున రాట్నం ముందు కూర్చున్నాను. నా కండెలు వదులుగా వచ్చాయి. నాడెలో నూలు చిక్కుపడి మాటిమాటికీ తెగింది. ఆమె పట్టీ కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "బిర్రుగా పట్టు నాయనా, నూలేం కరవదు," అనేది.

ఆ ఆరు వారాలూ నేత సగానికి పడిపోయింది. ఆమె తిమ్మిరి చాలావరకు తగ్గింది. ఆపరేషను దాకా పోలేదు. రాట్నం మాత్రం నేను తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికీ పొద్దున కండెలు చుట్టుకున్నాకే మగ్గమెక్కుతాను.