కొండ ఎక్కుతున్న ఈమెయిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అన్నీ చదివేశానని కాదు, నోటితో ‘తెలియదు’ అనడం అలవాటు లేదంతే. ఇందులో నా వాటా కొంతే, మిగతా ఘనతంతా మా ఫిజిక్స్ మాస్టారిది. ఇంటర్ పరీక్షల ముందు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, "ఖాళీ మాత్రం వదలకండి. తెలిస్తే తెలిసింది రాయండి, తెలియకపోతే తెలిసినట్టు రాయండి. దిద్దేవాళ్ళకి అంత ఓపిక ఉండదు" అని చెప్పేవారు. నేను మాట వినే పిల్లని. కాంతి గురించి అడిగితే ధ్వని గురించి రాసి, అడిషనల్ షీట్లు అడిగి పుచ్చుకుని, దారంతో గట్టిగా ముడివేసి ఇచ్చొచ్చేదాన్ని. మార్కులు కూడా పడేవి. డిగ్రీలో వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన ముందూ అదే ధైర్యం. గొంతు గట్టిగా ఉంటే చాలు, ఆయనే తలూపేవాడు. ఆ ధైర్యాన్నీ, బీఎస్సీ కంప్యూటర్స్ సర్టిఫికెట్‌నీ ఒకే సూట్‌కేసులో సర్దుకుని, పెళ్ళయ్యాక తెనాలి నుంచి ఆస్ట్రేలియాలోని టూవూంబాలో వచ్చి పడ్డాను.

మావారు అక్కడి ఆసుపత్రిలో నర్సు. (మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఆయన్ని డాక్టరుగారనే అంటారు. దిద్దీ దిద్దీ మేమే మానేశాం.) ఊరు కొండ మీద ఉంటుంది. చలికాలం పొద్దున్నే కిటికీ తీస్తే పొగమంచు నేరుగా హాల్లోకి వచ్చేస్తుంది. అందమైన ఊరే, కానీ కారు నడపడం రాని మనిషికి ఆ అందంతో పనేముంది? ఆయన డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, నా కుక్కరూ. అలాంటి రోజుల్లో ఆయనే ఒక కబురు తెచ్చారు. ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్ హెల్ప్ డెస్క్ ఉద్యోగం ఒకటి ఏడాది చివర్లో ఖాళీ అవుతుందట, ఇక్కడి కాలేజీలో టెక్నికల్ సపోర్ట్ కోర్సు పూర్తి చేసినవాళ్ళకే ఇస్తారట. మర్నాడే వెళ్ళి చేరిపోయాను. ఆ ఉద్యోగం నాకెంత కావాలనిపించిందో ఇప్పుడు చెప్పినా సరిగ్గా చెప్పలేను. పొద్దున్నే తల దువ్వుకుని, మెడలో కార్డు వేసుకుని, ‘ఆఫీసుకి టైమైపోయింది’ అని ఎవరి మీదైనా ఒకసారి విసుక్కోవాలని ఉండేది.

కోర్సు చెప్పే ఆయనకి మనసులో గడ్డం మాస్టారని పేరు పెట్టుకున్నాను. గడ్డం ఛాతీ దాకా ఉండేది, నిక్కరు మోకాలిదాకా కూడా వచ్చేది కాదు. మొదటి రోజే "నన్ను పేరు పెట్టి పిలువు, మేట్" అన్నారు. పాఠం చెప్పే మనిషిని పేరు పెట్టి పిలవడం నా వల్లయ్యే పనేనా? కోర్సంతా ‘సర్’ అనే పిలిచాను, ఆ సర్ ఎవరా అని ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. కంప్యూటర్ విప్పడం, బిగించడం, దుమ్ము దులపడం, పోయిన ఫైళ్ళు వెతకడం అన్నీ బాగానే చేశాను. ఆఖరున మిగిలింది ఫోన్ పరీక్ష. అడ్డుగోడకి ఇవతల మనం, అవతల మాస్టారు. ఆయన కస్టమర్‌లా ఫోన్ చేస్తారు, మనం కష్టం విని సాయం చెయ్యాలి.

"హలో డియర్. నేను ఎనభై ఏళ్ళ ముసలమ్మని. పొద్దుటి నుంచీ నాకు ఈమెయిళ్ళు రావడం లేదు" అన్నారు గడ్డం మాస్టారు, నూతిలోంచి వచ్చినట్టుండే గొంతుతో. నవ్వు మింగేసి, "ఏం కంగారు పడకండి ఆంటీ, నేను చూస్తాను" అన్నాను. (ఎనభై ఏళ్ళావిడని మరేమనాలి?) కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమన్నాను. పెట్టింది. మెయిల్ రాలేదు. వైర్లు ఊడదీసి మళ్ళీ గుచ్చమన్నాను. గుచ్చింది. రాలేదు. పాస్‌వర్డ్ మార్పించాను, తర్వాత పాతదే పెట్టించాను. చదివిందంతా అయిపోయింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా, కానీ ఎదురుగా ఖాళీ ఉంది, ఫిజిక్స్ మాస్టారి మాట చెవిలో ఉంది. "కంప్యూటర్ ఏ దిక్కుకి పెట్టారు ఆంటీ?" అని అడిగాను. "కిటికీ వైపు" అని సన్నగా వినిపించింది. "అయితే అసలు మెయిల్ ఎందుకు రావడం లేదు డియర్?" అంది ముసలమ్మ. నేను గొంతు సవరించుకుని వైవాలో చెప్పినట్టే గట్టిగా చెప్పాను: "మన ఊరు కొండ మీద ఉంది కదా ఆంటీ. మెయిల్ కిందున్న బ్రిస్బేన్ నుంచి రావాలి. ఎత్తు ఎక్కడానికి టైం పడుతుంది."

అసలు విషయం ఏమిటంటే, ఆ కథలో ముసలమ్మ కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. ఎక్కడో పెద్దాఫీసులో మెయిళ్ళు పంచే సర్వర్ ఆగిపోయింది. అది ముందు వరుసలో ఫోన్ ఎత్తేవాళ్ళు బాగుచేసేది కాదు. నాలుగు మాటలు అడిగి, ‘నాకు తెలియదు, తెలిసినవాళ్ళకి అప్పజెబుతాను’ అంటే పరీక్ష అయిపోయినట్టే. నా పక్క సీట్లో కూర్చునే ట్రక్కు తాత (జీవితమంతా లారీలు తోలి, నడుం పట్టేశాక చదువులోకి వచ్చిన ఆస్ట్రేలియా పెద్దాయన) ఫోనెత్తి, "నో ఐడియా, లవ్. తెలిసినోడిని పట్టుకొస్తా ఉండు" అన్నాడట. ఆయన పాసయ్యాడు. నా కాగితం మీద ‘నాట్ యెట్ కాంపిటెంట్’ అని వచ్చింది. ఇక్కడ ఫెయిల్ అనరు, ఇంకా చేతకాలేదంటారు. ఆ ‘ఇంకా’లో ఉన్న మర్యాద చూసి నాకు ఏడుపు ఇంకాస్త ఎక్కువైంది.

గడ్డం మాస్టారు పిలిచి నెమ్మదిగానే చెప్పారు, "తెలియకపోతే తెలియదని చెప్పు, అంతే" అని. మన దగ్గర ఆ మాట మాస్టర్లు ఎలాంటప్పుడు అంటారో మీకు తెలుసు. తిట్టారనుకున్నాను. తెలివి చాలలేదన్న మాట, ఇంకా చదవాలన్న మాట అనుకుని లైబ్రరీలో ఉన్న లావుపాటి పుస్తకాలన్నీ మోసుకొచ్చి బట్టీపట్టాను. రెండోసారి పరీక్షలో ముసలమ్మని మొదటిసారి కన్నా రెట్టింపు సేపు హింసించాను. "డియర్, నాకు నిద్రొస్తోంది" అని ఆవిడే ఫోన్ పెట్టేసింది. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే ఆ సబ్జెక్టు వచ్చే ఏడాది మళ్ళీ చదవాలి, ఈలోగా ఆ కార్డు ఇంకెవరి మెడలోనో పడుతుంది.

మర్నాడు పొద్దున్న మావారు నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను దోసె పెనం మీద వదిలేసి ఏడుస్తున్నాను. ఆయన స్టవ్ కట్టేసి కథంతా విన్నారు. కొండ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు, కాసేపు గోడకేసి తిరిగి నిలబడ్డారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "చూడు, వార్డులో తెలియనిది తెలుసన్నానంటే అవతల మనిషి ప్రాణాలకే ముప్పు. నాకు ఇక్కడ మొదటి వారంలోనే నేర్పింది ఆ ఒక్క మాటే. నీకూ నేర్పుతా. నేనేం అడిగినా తెలియదు అను" అన్నారు.

"సరేనండి."

"పక్కింటి కుక్క ఇప్పుడు ఏమనుకుంటోంది?"

"ఆకలేస్తోందనుకుంటూ ఉంటుంది."

"తెలియదు అనమన్నాను కదే. మా హెడ్ నర్సు వాళ్ళ అమ్మమ్మ పేరేంటి?"

"మేరీ అయ్యుంటుందండి. ఇక్కడ అందరూ మేరీలే కదా."

ఆయన తల పట్టుకున్నారు. ఆ పూటంతా అదే పని. మొదటి దోసె అప్పటికే మాడిపోయింది, ఇంకోటి వేశాను, అదీ మాడింది. నేను స్నానానికి వెళ్తుంటే తలుపు బయట నుంచి కూడా అడుగుతూనే ఉన్నారు. సాయంత్రానికి ‘తెలియదేమో’ దాకా వచ్చాను. నిద్రమానుకుని కూర్చున్న మనిషి అదే పదివేలన్నట్టు చూసి మంచం ఎక్కారు.

మూడోసారి ఫోన్ మోగింది. అదే ముసలమ్మ, అదే నూతి గొంతు. అడగాల్సినవన్నీ అడిగాను, చేయించాల్సినవన్నీ చేయించాను. మెయిల్ రాలేదు. "ఎందుకు రావడం లేదు డియర్?" అంది. ఆ కొండ జవాబు నాలిక చివరే ఉంది. అప్పుడు మాడిన దోసె వాసన గుర్తొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, "తెలియదండీ" అనేశాను, అచ్చ తెలుగులో. మళ్ళీ తేరుకుని ఇంగ్లీషులో చెప్పాను: "నాకు తెలియదు ఆంటీ. తెలిసినవాళ్ళకి ఇప్పుడే కలుపుతాను. వాళ్ళు వచ్చేదాకా లైన్లోనే ఉంటాను." పెద్దావిడని ఊరికే లైన్లో ఉంచి మాట్లాడకుండా కూర్చోవడం మనకి చేతకాదు కదా, అందుకని "ఈలోగా, భోజనం చేశారా ఆంటీ?" అని అడిగాను.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. ఈసారీ పరీక్ష పోయిందనుకున్నాను. తర్వాత అడ్డుగోడ మీంచి మొహం, దాని వెనకే గడ్డం పైకి వచ్చాయి. "నిజం చెప్పాలంటే, లేదు" అన్నారు మాస్టారు తన మామూలు గొంతుతో. నా డబ్బాలో పులిహోర ఉంది. ఇద్దరం కారిడార్లో బెంచీ మీద కూర్చుని తిన్నాం. ఆయన వేరుశనగపప్పులు ఒక్కొక్కటే ఏరుకుని తిని, చెయ్యి నిక్కరుకి తుడుచుకుని, నా కాగితం మీద ‘కాంపిటెంట్’ అని రాశారు. నాకు ఆ ‘ఇంకా’ లేని మాటని మళ్ళీ మళ్ళీ చదువుకోవాలనిపించింది.

ఉద్యోగం వచ్చింది. కార్డు మెడలో పడింది. ఆఫీసుకి టైమైపోయిందని మావారి మీద విసుక్కోవడానికి ఆయన నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే దాకా ఆగి మరీ విసుక్కున్నాను. ఇప్పుడు ఆ డెస్కులో అందరికన్నా పాతదాన్ని నేనే. ‘తెలియదు, కనుక్కుంటాను’ అని రోజంతా అంటాను, దానికి జీతం కూడా ఇస్తారు. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట. కానీ ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది, తెలియదనే కన్నా ఈమెయిళ్ళని కొండెక్కించడమే సులువనుకున్న పిల్ల. ఎన్ని ఫోన్లు ఎత్తినా అంత మంచి జవాబు నాకు మళ్ళీ తట్టలేదు.

మొన్న శనివారం బ్రిస్బేన్ నుంచి వస్తూ కొండ రోడ్డు మీద ఒక పెద్ద ట్రక్కు వెనక చిక్కుకున్నాం. కారు నేనే నడుపుతున్నాను. ట్రక్కు మూలుగుతూ, పాకుతూ ఎక్కుతోంది. వెనక సీట్లో మా పాప ట్యాబ్ చూసుకుంటూ, "అమ్మా, వై ఈజ్ మై ఈమెయిల్ నాట్ కమింగ్?" అంది. తన స్నేహితురాలు ఫోటోలు పంపానందట. ‘తెలియదమ్మా, ఇంటికెళ్ళాక చూస్తాను’ అని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ట్రక్కు గేరు మార్చుకుంది.

"కొండ ఎక్కుతోంది తల్లీ, కాస్త టైం పడుతుంది" అన్నాను.

పక్క సీట్లో మావారు కిటికీ వైపు తిరిగిపోయారు. పాప ట్యాబ్ దించి నన్ను జాలిగా చూసి, "దట్స్ నాట్ ఈవెన్ ట్రూ, అమ్మా" అంది.

"తెలుసు" అన్నాను.