పుట్టింది మునగాల

మా అన్న పశువైద్యం చదవడానికి విలాయతు వెళ్ళాలనుకున్నాడు. మిర్యాలగూడ వైపు ఊళ్ళలో గాలికుంటు రోగంతో ఎడ్లు కూలిపోవడం చూసివచ్చినప్పటి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. అక్కడి కాలేజీలో సీటు కూడా వచ్చింది. సర్కారు అనుమతి రావాలి. అది ముల్కీలకే, అంటే నిజాం రాజ్యంలో పుట్టినవాళ్ళకే ఇస్తారు.

సూర్యాపేట కచేరీలో గుమాస్తా అడిగాడు. "పోరడు యాడ పుట్టిండు?"

మా నాయన బడిపంతులు. అబద్ధం ఆడడం రాదు. "మునగాలల, మా అత్తగారింట్ల. తొలి కాన్పు గదా."

"తొలి కాన్పు తల్లిగారింట్లనే కావాలె, బాగనే ఉన్నది. గని పంతులూ, మునగాల మనది గాదాయె. నీ కొడుకు పరాయోడైతడు" అని గుమాస్తా నవ్వాడు.

చుట్టూ నిజాం ఊళ్ళు, మధ్యలో మునగాల పరగణా ఒక్కటే అవతలి రాజ్యం. మొన్నటిదాకా తెల్లవాళ్ళది, ఇప్పుడు ఇండియన్ యూనియన్‌ది. అమ్మను పురిటికి పంపినప్పుడు ఆ సరిహద్దు ఎవరికీ గుర్తు రాలేదు. అమ్మ పురిటికే వెళ్ళింది, కాపురం సూర్యాపేటలోనే అని కాన్పు చేసిన మంత్రసానితో సాక్ష్యం తెస్తే చూద్దామన్నాడు గుమాస్తా.

ఇంటికొచ్చి నాయన అన్నకు జవాబు నేర్పాడు. "ఎవరడిగినా దాసకు. పుట్టింది మునగాల, ఉండేది సూర్యాపేట అను. వరుస తప్పకు."

"పెండ్లిసూపులకు పోతున్ననా నాయినా, గింత నేర్పుతున్నవ్?" అన్నాడు అన్న.

అమ్మమ్మను చూడాలని నేనూ అన్న వెంట మునగాల వెళ్ళాను. మంత్రసాని అన్నను చూసి, "నీ తలకాయ పెద్దది బిడ్డా, మీ అమ్మను సంపినంత పనిజేసినవ్" అంది. సాక్ష్యం కాగితం మీద వేలిముద్ర వేసింది.

మర్నాడు మా మేనమామ సూర్యాపేటకు బండి కట్టాడు. పరగణా దాటేచోట, సుంకం వసూలు చేసే నిజాం నాకా దగ్గర తుపాకులవాళ్ళు ఆపారు. ముందురోజు ఎవరో ఆ నాకా మీద కాల్పులు జరిపారని మాకు తెలియదు. కాల్చినవాళ్ళు మునగాలలో దాక్కున్నారని వాళ్ళ నమ్మకం.

"ఏ ఊరోనివి బే?"

మామ నోరు తెరిచేలోగా అన్న చెప్పాడు. "పుట్టింది మునగాల..."

తుపాకి మడమ అతని నోటి మీద పడింది. పళ్ళు విరిగి గడ్డిలో పడ్డాయి. కాళ్ళు పట్టి బండిలోంచి లాగి, పక్కటెముకల మీద బూట్లతో తొక్కారు. ఎముకలు విరగడం నాకు వినబడింది. మామ వాళ్ళ కాళ్ళ మీద పడ్డాడు. "నీ బాంచెన్ దొరా, పేట పంతులు కొడుకు. విలాయత్ పోయి సదువుకునే పోరడు."

"మేం పంపిస్తం తీ, కిరాయి గూడ వద్దు" అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వారు.

అన్న మోచేతుల మీద లేచాడు. మిగిలిన మాట చెప్పాలని చూశాడు. నోటి నిండా రక్తం. "సూ" అన్నంత వరకే వచ్చింది. కడుపులో కాల్చారు. ప్రాణం వెంటనే పోలేదు. నా పక్కన చెంబులో నీళ్ళున్నాయి. నన్ను బండి దిగనివ్వలేదు.

శవాన్ని పేటకు తీసుకుపోతామంటే ఒప్పుకోలేదు. మునగాలవాణ్ణి మునగాలకే తీసుకుపొమ్మన్నారు. మామ ఎడ్లను వెనక్కి తిప్పాడు.

కబురంది అమ్మా నాయనా చేలకడ్డంపడి నడిచి వచ్చారు. అమ్మ శవం మీద పడింది. నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"వాడు ఏమన్నడు బిడ్డా?"

"నువ్వు నేర్పిందే. మొదటి ముక్క."

ఆయన నాతో కాదు, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"పేట ముందు సెప్పుమంటే సరిపోతుండె."